అండమాన్‌లో పంట మేసే దుప్పులు: చిన్న రైఫిల్‌తో అదుపు సాధ్యమేనా?

అండమాన్ దీవుల్లో అడవి అంచున సాగు చేసే రైతుకు వరి పొట్ట మీదున్నప్పుడు, కూరగాయల మడి చిగురు వేస్తున్నప్పుడు కంటి మీద కునుకు ఉండదు. రాత్రివేళ మందగా వచ్చే చుక్కల దుప్పులు తెల్లవారేసరికి చేనును మేసి వెళ్తాయి. కంచె దాటి వచ్చే జంతువును ఆపడానికి తుపాకీ ఉంటే చాలునన్న ఆలోచన ఇలాంటి సమయంలో కలగడం సహజం. అందులోనూ బరువు తక్కువ, చప్పుడు తక్కువ, తూటా ఖర్చూ తక్కువ అని పేరున్న పాయింట్ 22 రైఫిల్ మొదట గుర్తుకు వస్తుంది.

ఆ రైఫిల్ ఈ పనికి తగినదేనా? చట్టం అందుకు ఒప్పుకుంటుందా? అనుమతి ఉన్నవారు ఆయుధాన్ని ఎలా ఎంచుకుంటారు, ఎలా పరీక్షిస్తారు? ఈ ప్రశ్నలు దీవుల్లోని తెలుగువారికీ సంబంధించినవే. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి తరలివెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాలు వారిలో ఎన్నో ఉన్నాయి.

దుప్పి అక్కడికి ఎలా చేరింది?

ప్రధాన భూభాగంలో చుక్కల దుప్పి మన అడవుల సొంత జంతువు. అండమాన్‌లో మాత్రం అది బయటి నుంచి వచ్చినదే. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో బ్రిటిష్ పాలకులు దానిని అక్కడికి తెచ్చి వదిలారు. అడవిపంది, పునుగు పిల్లి తప్ప చెప్పుకోదగిన పరిమాణం గల నేల జంతువులు ఆ దీవుల్లో సహజంగా లేవు. పులి, చిరుత, రేచుకుక్క వంటి వేటాడే మృగాలు అసలే లేవు. దుప్పి ఈదగలదు. ఒక దీవి నుంచి మరొక దీవికి ఇరుకైన జలసంధులను దాటుకుంటూ అది ద్వీపసమూహంలో చాలా భాగానికి విస్తరించింది.

దానిని తగ్గించేందుకు 1950లలో చిరుతలను తెచ్చి వదిలిన ప్రయత్నం కూడా జరిగింది. అవి అక్కడ నిలదొక్కుకోలేదు. ఒక పరాయి జంతువును అదుపు చేయడానికి మరొక పరాయి జంతువును తేవడం ఎంత ప్రమాదకరమో నేటి శాస్త్రజ్ఞులకు బాగా తెలుసు. ఆ చిరుతలు నిలిచి ఉంటే ఈరోజు సమస్య మరోలా ఉండేది.

నష్టం పంటకే పరిమితం కాదు. దుప్పులు అడవి నేలపై మొలిచే లేత మొక్కలను మేసేస్తాయి. పెద్ద చెట్లు పైకి పచ్చగానే కనిపిస్తాయి, కానీ వాటి స్థానంలోకి రావలసిన తరువాతి తరం చెట్లు ఎదగవు. 2016లో ‘బయోలాజికల్ ఇన్వేజన్స్’ అనే శాస్త్ర పత్రికలో వచ్చిన అధ్యయనం దీని మరో పార్శ్వాన్ని చూపింది. దుప్పుల ఒత్తిడి ఎక్కువగా ఉన్న చోట పొదలు, మొక్కలు పలచబడ్డాయని, వాటిపై ఆధారపడిన తొండలు, బల్లుల సంఖ్య తగ్గిందని అది గుర్తించింది. ఆ దీవులకే ప్రత్యేకమైన సరీసృపాలు అనేకం ఉన్నందున ఈ నష్టాన్ని మరో చోట పూడ్చుకోవడం సాధ్యం కాదు.

చట్టం దృష్టిలో అది రక్షిత జంతువే

దుప్పి అండమాన్‌కు పరాయిది కాబట్టి దానిని చంపడం నేరం కాదని కొందరు భావిస్తారు. అది పొరపాటు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని రెండో షెడ్యూలులో చుక్కల దుప్పి ఉంది. అనుమతి లేకుండా దానిని చంపడం, ఉచ్చు పెట్టి పట్టడం, మాంసాన్ని అమ్మడం నేరాలు. 2022 సవరణ తరువాత ఇలాంటి నేరాలకు మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. నేరం అభయారణ్యం లేదా జాతీయ ఉద్యానంలో జరిగితే శిక్ష మరింత కఠినంగా ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. ఆక్రమణ స్వభావం గల పరాయి జాతులను నియంత్రించే అధికారాన్ని అదే 2022 సవరణ కేంద్రానికి ఇచ్చింది. అయితే పరాయి జాతి అంటే ‘భారతదేశానికి చెందనిది’ అని నిర్వచించింది. దుప్పి భారతదేశపు జంతువే. అందువల్ల అండమాన్ అడవికి అది ఎంత కొత్తదైనా ఆ నిర్వచనంలోకి రాదు. దేశం మొత్తాన్ని ఒకే నేలగా చూసే ఈ కొలమానం, సముద్రం మధ్య వేరుగా పరిణమించిన దీవుల వాస్తవానికి సరిపోవడం లేదు.

మిగిలిన చట్టబద్ధమైన దారులు ప్రధానంగా రెండు. మొదటిది సెక్షన్ 11. రెండో షెడ్యూలులోని జంతువు మనుషుల ప్రాణానికి, ఆస్తికి లేదా నిలిచి ఉన్న పంటకు ప్రమాదకరంగా మారిందని నమ్మినప్పుడు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి కారణాలు రాసి, లిఖితపూర్వకంగా వేటకు అనుమతి ఇవ్వవచ్చు. రెండోది సెక్షన్ 62. ఒక జంతువును నిర్దిష్ట ప్రాంతంలో, నిర్దిష్ట కాలానికి ‘హానికర జంతువు’గా కేంద్రం ప్రకటించవచ్చు. 2015, 2016 సంవత్సరాల్లో బిహార్‌లో నీల్‌గాయ్‌ల విషయంలో, ఉత్తరాఖండ్‌లో అడవిపందుల విషయంలో, హిమాచల్ ప్రదేశ్‌లో కోతుల విషయంలో ఇలాగే జరిగింది. బిహార్‌లో నీల్‌గాయ్‌లను కాల్చేందుకు హైదరాబాద్ నుంచి షూటర్లను పిలిపించడం అప్పట్లో దేశవ్యాప్త చర్చకు దారితీసింది.

నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగలకు 1967 ఏప్రిల్ 28 నాటి పాలనాయంత్రాంగ ప్రకటన ద్వారా లభించిన వేట హక్కులను చట్టంలోని సెక్షన్ 65 కాపాడుతుంది. ఆ మినహాయింపు వారికే పరిమితం. అండమాన్‌లో స్థిరపడిన రైతులకు అది వర్తించదు. జారవా వంటి ఆదివాసులకు కేటాయించిన ప్రాంతాల్లోకి 1956 నాటి నియంత్రణ నిబంధనల ప్రకారం అనుమతి లేకుండా ప్రవేశించడమే నేరం. దుప్పిని తరుముతూ ఆ హద్దు దాటినా అది నేరమే అవుతుంది.

పంట కాపలాకు చట్టం ఊహించిన తుపాకీ వేరు

వేట అనుమతి ఒకటి, ఆయుధ లైసెన్సు మరొకటి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది వచ్చినట్లు కాదు.

1959 నాటి ఆయుధాల చట్టంలోని సెక్షన్ 13 ఈ విషయంలో ఆసక్తికరమైనది. పంట రక్షణ అనే అవసరాన్ని ఆ చట్టం నేరుగా పేర్కొంది. కానీ దానికోసం ప్రస్తావించింది రైఫిల్‌ను కాదు, గొట్టం మూతి నుంచి మందు కూరి పేల్చే పాతకాలపు తుపాకీని. అది సరిపోదని లైసెన్సు అధికారి భావిస్తే, గొట్టం లోపల గాడులు లేని నున్నని తుపాకీకి అనుమతి ఇవ్వవచ్చునని తెలిపింది. పాయింట్ 22 రైఫిల్‌ను మాత్రం రైఫిల్ క్లబ్బు సభ్యుల గురి అభ్యాసం సందర్భంలో ప్రస్తావించింది. ఆ నిబంధనను 2019 సవరణ విస్తరించి, క్లబ్బు సభ్యులు అభ్యాసానికి ఇతర తుపాకులను కూడా వాడుకునే వీలు కల్పించింది. అదే సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల గరిష్ఠ సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది.

అంటే పంట కోసం రైఫిల్ లైసెన్సు అసాధ్యమని అర్థం కాదు. తగిన కారణం చూపి అధికారిని ఒప్పించవలసి ఉంటుంది. దరఖాస్తుదారు వయసు సాధారణంగా 21 ఏళ్లు నిండి ఉండాలి. 2016 నాటి ఆయుధాల నియమాలు సురక్షిత వినియోగంపై శిక్షణను, ఆయుధాన్ని భద్రంగా దాచే ఏర్పాటును కోరుతున్నాయి.

గాలి తుపాకీ విషయంలోనూ అపోహ ఉంది. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న గాలి తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు. అయితే దానితో రక్షిత పక్షిని లేదా జంతువును కొడితే వన్యప్రాణి చట్టం యథాతథంగా వర్తిస్తుంది. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ప్రజలు తమ గాలి తుపాకులను ప్రభుత్వానికి అప్పగించే కార్యక్రమం మొదలైంది. చిన్న ఆయుధమే అయినా పక్షుల వేటకు అది ఎంతగా వాడుకలో ఉందో ఆ కార్యక్రమమే చెబుతుంది.

దుప్పికి పాయింట్ 22 ఎందుకు చాలదు?

రైఫిల్ అనే పేరు గొట్టం లోపల మెలి తిరిగి ఉండే గాడుల వల్ల వచ్చింది. ఆ గాడులు గుండును బొంగరంలా తిప్పుతాయి. తిరిగే గుండు దారి తప్పకుండా సాగుతుంది. తూటా అంటే ఇత్తడి గుల్ల, మందు, గుండు కలిసిన మొత్తం. మీట నొక్కినప్పుడు లక్ష్యం వైపు వెళ్లేది గుండు మాత్రమే.

‘లాంగ్ రైఫిల్’ అనే పేరుతో ప్రపంచమంతటా దొరికే పాయింట్ 22 తూటాలో గుండు బరువు సాధారణంగా 2.6 గ్రాములు. అది గొట్టం విడిచేటప్పుడు ఉండే శక్తి దాదాపు 140 నుంచి 190 జౌళ్లు. కుందేలు, ఉడత, ఎలుక వంటి జంతువులకు ఇది సరిపోతుంది. పెరిగిన మగ దుప్పి సాధారణంగా 70 నుంచి 90 కిలోలు తూగుతుంది.

పోలికకు ఇంగ్లండ్, వేల్స్‌లను చూడవచ్చు. అక్కడి 1991 నాటి జింకల చట్టం జింకను కాల్చే రైఫిల్‌కు కనీస పరిమాణాన్ని, కనీస శక్తిని నిర్ణయించింది. చాలా జాతుల విషయంలో గొట్టం వ్యాసం 0.240 అంగుళాలకు, గుండు శక్తి సుమారు 2,305 జౌళ్లకు తగ్గకూడదు. పాయింట్ 22 రైఫిల్ శక్తి ఇందులో పదో వంతు కూడా లేదు. ఆ నియమం వెనుక ఉన్న కారణం కరుణ. చాలని గుండు తగిలిన జంతువు వెంటనే చనిపోదు. గాయంతో అడవిలోకి పరుగెత్తి, గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి బాధపడి చనిపోతుంది. రైతుకు పంట దక్కదు, జంతువుకు సుఖమైన చావు దక్కదు.

మన దేశంలో పౌరులకు అమ్మే వేట రైఫిళ్లలో పాయింట్ 315 బోరు రకం పేరున్నది. పశ్చిమ బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దానిని తయారు చేస్తుంది. ఈ కర్మాగారం 2021 అక్టోబరు నుంచి అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ పరిధిలో ఉంది. శక్తిలో అది పాయింట్ 22 కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. శక్తి పెరిగే కొద్దీ గుండు ఆగే చోటు గురించిన ఆందోళన కూడా పెరుగుతుంది.

దీవిలో గుండు ఎక్కడ ఆగుతుంది?

చిన్న గుండు దగ్గరలోనే పడిపోతుందనుకోవడం అత్యంత ప్రమాదకరమైన భ్రమ. పాయింట్ 22 గుండు ఒక కిలోమీటరుకు పైగా ప్రయాణించగలదు. ఒకప్పటి రాస్ దీవి, నేటి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం వైశాల్యం చదరపు కిలోమీటరులో మూడో వంతుకు మించదు. సందర్శకుల మధ్యే దుప్పులు తిరిగే ఆ దీవిలో ఒక కొస నుంచి పేల్చిన గుండు రెండో కొసను దాటి సముద్రం మీదికి వెళ్లగలదు. అక్కడ చేపల పడవ ఉండవచ్చు.

నీటి మీద, రాతి మీద, తడి నేల మీద తక్కువ కోణంలో తగిలిన సీసపు గుండు ఎగిరి పక్కకు మళ్లుతుంది. మెత్తని సీసంతో చేసిన, నెమ్మదిగా సాగే చిన్న గుండుకు ఈ గుణం మరీ ఎక్కువ. అందుకే అనుభవజ్ఞులు గుండు వెనుక మట్టి గట్టు లేకుండా మీట నొక్కరు. ఆకాశం వెనుకనున్న గట్టు మీది జంతువును, చెట్టు మీది జంతువును కాల్చరు.

కొబ్బరి తోటల్లో ఎలుకల సమస్యకు రైఫిల్ పనికిరాకపోవడానికి కారణం ఇదే. కొబ్బరి మొవ్వులో ఉన్న ఎలుకను కొట్టాలంటే తుపాకీని ఆకాశం వైపు ఎత్తాలి. గురి తప్పిన గుండు ఎక్కడ దిగుతుందో చెప్పలేం. మాను చుట్టూ మనిషి ఎత్తున నున్నని రేకు పట్టీ బిగించడం, మొవ్వును శుభ్రంగా ఉంచడం, ఒక చెట్టు మట్టలు మరో చెట్టుకు తగలకుండా చూడడం, బోనులు పెట్టడం అంతకంటే చవకైన, ప్రమాదం లేని పద్ధతులు.

అనుమతి ఉన్నవారు ఎలా ఎంచుకుంటారు?

లిఖితపూర్వక ఉత్తర్వు, లైసెన్సు రెండూ ఉన్న షూటర్ మొదట జంతువును, తరువాత దూరాన్ని, ఆ తరువాతే ఆయుధాన్ని నిర్ణయించుకుంటాడు. అడవి దట్టంగా ఉండే అండమాన్‌లో దూరాలు తక్కువ. వంద మీటర్లకు మించి స్పష్టమైన చూపు దొరకడం కష్టం. అందువల్ల ఎంతో దూరం పోయే రైఫిల్ కంటే, దగ్గరి దూరంలో నమ్మకంగా పనిచేసే రైఫిలే మేలు.

రెండో అంశం వాతావరణం. ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన, ఉప్పు గాలి కలిసి ఇనుమును తినేస్తాయి. గొట్టం లోపల తుప్పు మొదలైతే గురి చెడుతుంది. చెక్క పిడి తేమకు ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కకు నెట్టవచ్చు. తుప్పు పట్టని ఉక్కు, తేమకు మారని పిడి ఉన్నది దొరికితే మంచిది. దొరకనప్పుడు ప్రతి వాడకం తరువాత తుడిచి నూనె రాయడమే మార్గం. తేమ తగిలిన తూటాలు పేలకపోవచ్చు, ఆలస్యంగానూ పేలవచ్చు. తూటా పేలకపోతే గొట్టాన్ని సురక్షితమైన దిశలోనే ఉంచి కొంతసేపు ఆగాలి తప్ప వెంటనే తెరవకూడదు.

మూడోది శరీరానికి కుదరడం. భుజానికి ఆనించినప్పుడు కన్ను సహజంగా గురి వరుసలోకి రావాలి. మీట మరీ తేలికగా గానీ మరీ బిగువుగా గానీ ఉండకూడదు. భద్రతా గడియ ప్రతిసారీ నిలవాలి.

పరీక్ష అంటే ఏమిటి?

పరీక్షకు తగిన చోటు అనుమతి పొందిన షూటింగ్ రేంజ్ మాత్రమే. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద ఆనించి, ఒకే చోటికి గురిపెట్టి ఐదు గుండ్లు కాలుస్తారు. ఆ ఐదు రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయన్నదే రైఫిల్ నిలకడకు కొలత. అవి గురికి పక్కన పడినా, ఒకే గుంపుగా ఉంటే రైఫిల్ మంచిదే, గురి సాధనాన్ని సర్దితే చాలు. రంధ్రాలు చెల్లాచెదురుగా ఉంటేనే సమస్య. అప్పుడు మరలు వదులయ్యాయేమో చూసి, మరో రకం తూటాతో మళ్లీ పరీక్షిస్తారు. ఒకే రైఫిల్ ఒక కంపెనీ తూటాతో బాగా కొట్టి, మరొకదానితో చెదరగొట్టడం మామూలే.

తరువాత దూరం. పాయింట్ 22 రైఫిల్‌ను 50 మీటర్లకు సరిచేస్తే, 100 మీటర్ల దగ్గర గుండు సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. దూరాన్ని కంటితో తప్పుగా అంచనా వేస్తే గుండు గుండెకు బదులు కాలికి తగులుతుందని దీని అర్థం. గాలి వీస్తే పక్కకు కూడా జరుగుతుంది.

ఆఖరి పరీక్ష రైఫిల్‌కు కాదు, మనిషికి. ఇసుక సంచి మీద వచ్చిన గుంపు నిలబడి, కూర్చుని, ఆయాసంతో కాల్చినప్పుడు రాదు. అన్ని గుండ్లూ జంతువు గుండె, ఊపిరితిత్తుల పరిమాణమంత వలయంలో పడే గరిష్ఠ దూరమే ఆ షూటర్ హద్దు. నార్వేలో పెద్ద జంతువులను వేటాడేవారు ఏటా పరీక్ష నెగ్గాలి. ముందు 30 గుండ్లు సాధన చేసి, తరువాత 100 మీటర్ల దూరంలోని జంతువు బొమ్మపై ఐదు గుండ్లనూ నిర్ణీత భాగంలో కొట్టాలి. పంట రక్షణ పేరుతో షూటర్లను ఎంపిక చేసే మన రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు ఇది అనుసరించదగిన నమూనా. పాయింట్ 22 రైఫిల్‌కు అసలైన విలువ ఇలాంటి సాధనలోనే ఉంది. ఖర్చు తక్కువ, భుజానికి తన్నుడు తక్కువ కాబట్టి పెద్ద రైఫిల్ పట్టబోయే చేతికి అది మంచి పాఠశాల.

ఒక్కో తుపాకీతో దుప్పులు తగ్గుతాయా?

ఆడ దుప్పి ఏటా ఒక పిల్లను ఈనగలదు. వేటాడే మృగం లేని చోట ఆ పిల్లల్లో ఎక్కువ భాగం బతుకుతాయి. అక్కడక్కడ ఒకటి రెండు మగ దుప్పులను చంపితే మంద తగ్గదు. మిగిలినవి రాత్రికి మళ్లీ వస్తాయి, ఖాళీ అయిన చోటికి పక్క దీవి నుంచీ ఈదుకొస్తాయి. గలపాగోస్ దీవుల్లో 1997 నుంచి 2006 వరకు సాగిన ఇసబెలా ప్రాజెక్టులో పరాయి మేకలను లక్షకు పైగా తొలగించారు. హెలికాప్టర్లు, శిక్షణ పొందిన షూటర్లు, దాక్కున్న మందల జాడ చూపేందుకు మెడకు రేడియో పట్టీ కట్టిన మేకలు అందుకు అవసరమయ్యాయి. దీవి దీవికీ ఒక ప్రణాళిక, చివరి జంతువు వరకు సాగే పట్టుదల, దానికి తగిన నిధులు ఉన్నందువల్లే అది ఫలించింది.

అండమాన్‌లో అలాంటి నిర్ణయం తీసుకోవలసింది పాలనాయంత్రాంగం, అటవీ శాఖ, శాస్త్రజ్ఞులు. ఆ భారాన్ని ఒక్కో రైతు భుజం మీది తుపాకీకి వదిలితే అడవి కోలుకోదు, చట్టం ముందు దోషిగా నిలబడేది మాత్రం రైతే. చీకట్లో దుప్పి అనుకుని పేల్చిన గుండు స్థానిక అడవిపందికి తగలవచ్చు, పొరుగు రైతుకు తగలవచ్చు.

అంతవరకు రైతు చేతిలో ఉన్న ఉపాయాలు కొన్ని ఉన్నాయి. దుప్పి దూకలేనంత ఎత్తైన వల కంచెను నలుగురు కలిసి ఒకే హద్దుగా వేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. పంట చేతికొచ్చే వారాల్లో వంతులవారీ కాపలా పెట్టుకోవచ్చు. నష్టం జరిగిన ప్రతిసారీ తేదీ, విస్తీర్ణం, ఫొటోలతో అటవీ, వ్యవసాయ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడం ముఖ్యం. సెక్షన్ 11 కింద అనుమతి ఇచ్చే అధికారి కారణాలు రాయాలి. ఆ కారణాలకు ఆధారం ఇలాంటి ఫిర్యాదులే.